ఆసు ముందు చదివిన కథలు

ఒక చీరకు సరిపడా నూలు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకు రెండు చీరల నూలు పోస్తే 18 వేల సార్లు. మా అమ్మ ఇరవై ఏండ్లకు పైగా ఆ పని చేసింది. చిన్నప్పుడు చదివిన పుస్తకాల గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందుగా గుర్తొచ్చింది ఏ పుస్తకం అట్టా కాదు, అమ్మ కుడిచెయ్యి. ఎందుకంటే ఇంటర్‌లో చేరేదాకా నేను కథల్ని మనసులో చదువుకున్నది చాలా తక్కువ. చదివినవన్నీ అమ్మ ఆసు ముందు కూర్చుని గట్టిగా వినిపించినవే.

మాది నల్లగొండ జిల్లాలో చండూరు దగ్గర ఒక పల్లె. పుట్టపాక, గట్టుప్పల్, కొయ్యలగూడెం, అటు పోతే పోచంపల్లి, ఇదంతా మగ్గాల సీమ. మా వాడలో మగ్గం లేని ఇల్లు లేదు. నాయిన గుంట మగ్గం మీద నేసేవాడు, అమ్మ ఆసు పోసేది, చిటికి కట్టేది, నేనూ తమ్ముడూ బడి నుంచి రాగానే కండెలు చుట్టేవాళ్లం. ఆసు చూడనివాళ్లకు చెప్పాలంటే, ఒక పక్క ఒంటి మేకు, దానికి మీటరు దూరంలో అర్ధచంద్రంలా వంపు తిరిగిన వరసలో బోలెడు మేకులు. పోగును ఒంటి మేకు నుంచి తీసుకుపోయి వంపులో ఒక మేకుకు వేసి మళ్లీ వెనక్కి తేవాలి. ఒక్కో మేకుకు ఇన్ని సార్లు అని లెక్క ఉంటుంది. ఆ నూలు మీదే తర్వాత గీతలు గీసి, రంగు అంటకూడని చోట రబ్బరు ముక్కలతో బిగించి కట్టి (చిటికి కట్టడం అంటే అదే), రంగులో ముంచుతారు. ఆసులో లెక్క తప్పితే మగ్గం మీద పువ్వు పువ్వులాగా రాదు.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు అనుకుంటా, నాయిన సావుకారి దగ్గర చీరలు అప్పజెప్పి నూలు తెచ్చుకుంటూ వాళ్ల పిల్లలు చదివి పక్కన పెట్టిన చందమామలు నాలుగు తీసుకొచ్చాడు. అట్టలు పోయినవి రెండు, ఉన్నవి రెండు. నేను కండెలు పక్కన పెట్టి గోడకు ఆనుకుని చదువుకుంటున్నా. అమ్మ చూసింది.

"ఏం సదువుతున్నవే సప్పుడు లేకుండ?"

"కథలమ్మా."

"మరి నాకు ఇనపడేటట్టు సదువు. చేతికి పనుంది గానీ చెవికి ఏం పని లేదు గద."

అంతే. ఆ మాటతో మొదలైంది. అమ్మకు అక్షరం రాదు. బడి గడప తొక్కలేదు. కానీ ఆమె కథ వినే తీరు నేను తర్వాత ఏ క్లాసురూంలోనూ, ఏ సాహిత్య సభలోనూ చూడలేదు. ఇష్టమైన చోట చెయ్యి కొంచెం నెమ్మదిస్తుంది, భయమైన చోట వడిగా తిరుగుతుంది. మొదట్లో ఒకసారి కథలో పడి లెక్క తప్పింది, సగం రోజు పోసిన నూలు మళ్లీ పోసుకోవాల్సి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ తిట్టలేదు, ఒక కట్టుబాటు పెట్టింది. ఆమె తల ఊపితే నేను ఆగాలి, మేకు మారినంక మళ్లీ ఊపితే చదవాలి. అట్లా ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఆగినప్పుడు కథ తెగకుండా ఎట్లా పట్టుకోవాలి అనేది నాకు వచ్చేసింది. ఇప్పటికీ ఏదైనా పేరా చదువుతుంటే లోపల ఎక్కడో ఆమె తల ఊపడం కోసం చూస్తుంటాను.

చందమామ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. 1947 జూలైలో తెలుగులో, తమిళంలో మొదలైన ఆ పత్రిక గురించి అందరూ బొమ్మల గురించే ఎక్కువ చెబుతారు, బొమ్మలు గొప్పవే, కాదనను. కానీ గట్టిగా చదివేవాళ్లకు తెలిసేది ఇంకొకటుంది. ఆ వాక్యాలు నోటికి ఎక్కడా తట్టుకోవు. అనగనగా అని మొదలుపెడితే పేజీ చివరిదాకా నాలుక జారుకుంటూ పోతుంది. పదేండ్ల పిల్ల ఆయాసం లేకుండా చదవగలదు, అక్షరం రాని తల్లి మళ్లీ అడగకుండా అర్థం చేసుకోగలదు. అది దానంతట అది వచ్చింది కాదని చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రికలో కూర్చుని వచ్చిన కథలన్నీ తిరగరాసి ఆ భాషకు తెచ్చారు. సంపాదకుడిగా ఆయన పేరు పత్రికలో వేసేవాళ్లు కాదు. ఆ మాంత్రికుల సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు కూడా మాకు అప్పుడు తెలియదు. మేము ఎవరి వాక్యాల మీద పెరిగామో తెలియకుండానే పెరిగాం. ఆ విషయం తెలిసిన రోజు నాకు మా అమ్మ నేతచీర గుర్తొచ్చింది, దాని మీదా పేరు ఉండదు.

బేతాళ కథల దగ్గరకు వస్తే మా ఇంట్లో పద్ధతి వేరే. శంకర్ గారు గీసిన ఆ బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, అది వచ్చిందంటే అమ్మ చెయ్యి ఆపి "ఏదీ చూపియ్యి" అనేది. ఆసు ముందు ఆమె చెయ్యి పూర్తిగా ఆగేది ఆ బొమ్మకే. కథంతా విన్నాక బేతాళుడు ప్రశ్న వేస్తాడు కదా, సమాధానం తెలిసీ చెప్పకపోతే నీ తల వెయ్యి ముక్కలవుతుంది అంటాడు. అక్కడ నన్ను ఆపించేది. పేజీ తిప్పొద్దు. ముందు అమ్మ చెప్పాలి, తర్వాత మగ్గంలోంచి నాయిన చెప్పాలి, ఆ తర్వాత నేను. చివరికి విక్రమార్కుడు. ఒక్కోసారి సమాధానం తేలేలోపు పొద్దుగూకేది, దీపం పెట్టాక చదివేవాళ్లం.

ఒక పాత బేతాళ కథ ఉంది, చాలామందికి తెలిసిందే. ఒక పిల్లను ముగ్గురు యువకులు చేసుకోవాలనుకుంటారు. ఆమె జ్వరమొచ్చి చనిపోతుంది. ఒకడు ఆ బూడిద మీదే పడుకుని అక్కడే ఉండిపోతాడు, ఒకడు అస్థికలు గంగకు తీసుకుపోతాడు, ఒకడు దేశాలు తిరిగి బతికించే మంత్రం తెస్తాడు. పిల్ల బతుకుతుంది. ఎవరికి భార్య కావాలి? రాజు చెప్పేదేమిటంటే బతికించినవాడు తండ్రిలాంటివాడు, అస్థికలు గంగలో కలిపినవాడు కొడుకులాంటివాడు, బూడిదను కౌగిలించుకుని ఉన్నవాడే భర్త. నాయిన కూడా అదే చెప్పాడు, నేను మంత్రం తెచ్చినవాడు అన్నాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు, రెండు మేకులు మారినయ్. అప్పుడు అడిగింది.

"ఆ పిల్ల తల్లి ఏమైందే?"

పుస్తకంలో వెతికాను. తల్లి గురించి ఏమీ లేదు.

"బిడ్డ సచ్చిపోతె కాష్టం కాడ ముగ్గురు మొగోళ్లు ఉన్నరు గానీ తల్లి లేకపాయెనా? గిదేం కథ? ముందు తల్లి ఏడ రాసిన్రో చూడు, తర్వాత చెప్త."

తర్వాత ఎన్నేండ్లో నేను పుస్తకాల్లో చేసిన పని అదే. కథ చదువుతూ చదువుతూ, ఇక్కడ ఉండాల్సిన మనిషి ఎవరు లేరు అని వెతకడం. ఎమ్మే చదివేటప్పుడు పెద్ద పెద్ద విమర్శకులు ఇదే మాటను పెద్ద పెద్ద పదాలతో చెబుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు.

ఇప్పుడు మాటల సంగతి. మాకు దొరికిన పుస్తకాల్లోని తెలుగు మా ఇంటి తెలుగు కాదు. పుస్తకంలో గేదె, మా ఇంట్లో బర్రె. పుస్తకంలో గోంగూర, మాకు పుంటికూర. వేరుశనగలు అంటే పల్లీలు, బావి అంటే బాయి, పొలం అంటే మాకు వరి మడే, మిగతాదంతా చెలక. మొదట్లో అమ్మ ప్రతిదానికీ "అంటె ఏంది" అని అడిగేది, కథ తెగిపోయేది. అందుకని నేను చదువుతూనే మార్చేయడం మొదలుపెట్టాను. కన్ను గేదె మీద ఉంటుంది, నోరు బర్రె అంటుంది. కొన్నాళ్లకు అది ఎంత అలవాటైందంటే మార్చుతున్నానన్న ధ్యాస కూడా లేదు. మాటలు మార్చడంతో ఆగలేదు కూడా. రాజు కూతురు బతుకమ్మ ఆడేది. బ్రాహ్మడు చండూరు సంతకు పోయి ఎడ్లు కొనుక్కొచ్చేవాడు.

దొరికిపోయింది మా మేనమామ వచ్చినప్పుడు. మామ నల్లగొండలో ఉండేవాడు, బాగా చదువుకున్నవాడు. నా వెనక నిలబడి పుస్తకంలోకి చూస్తూ విన్నాడు. "ఇందుల గట్ల లేదు గదనే" అన్నాడు. అమ్మ చెయ్యి ఆగింది. నాకు గుండె జారిపోయింది. ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా అబద్ధమనుకుంటుందేమో, ఇంక చదవొద్దంటుందేమో అని ఒకటే టెన్షన్. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితె ముందుగాల బుక్కుల ఉన్నట్టు సదువు బిడ్డా. తర్వాత మనట్ట చెప్పు. రెండూ ఇంట" అంది.

అప్పటి నుంచి ప్రతి కథా రెండుసార్లు. ఒకసారి వాళ్ల తెలుగు, ఒకసారి మన తెలుగు. పని రెట్టింపైంది, ఆనందం కూడా. రెండిటిలో ఏదీ తక్కువ కాదని నాకు ఎవరూ పాఠం చెప్పాల్సిన అవసరం రాలేదు. బడిలో మాత్రం పరీక్షలో బర్రె అని రాస్తే ఎర్ర గీత పడేది. ఆ గీత పెట్టిన సారు చెడ్డవాడు కాదు, ఆయనకూ ఇంట్లో బర్రే ఉంది.

ఆ మామే మాకు రష్యా పుస్తకాలు పరిచయం చేశాడు. మా జిల్లాలో ఎర్రజెండాకు ఉన్న చరిత్ర తెలిసిందే కదా, ఆ దారిలో మా పల్లెల్లోకి వచ్చిన వాటిలో నాకు అన్నిటికంటే విలువైనవి ఆ పిల్లల పుస్తకాలు. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర వాళ్ల ద్వారా వచ్చేవి. విశాలాంధ్ర సంచార పుస్తకాలయం వ్యాను నల్లగొండకు వస్తే మామ సంచి పట్టుకుని పోయేవాడు. చాలా చవక, లేకపోతే మా ఇంటికి వచ్చే దారే లేదు. మందమైన కాగితం, పేజీ తిప్పితే తడితడిగా ఒక వాసన, ఆ వాసన నాకు ఇప్పటికీ ఇంకెక్కడా తగల్లేదు. ఆ కథల్ని తెలుగు చేయడానికి ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటి పెద్దవాళ్లు మాస్కో వెళ్లి అక్కడే ఉండి పనిచేశారని తర్వాత తెలుసుకున్నాను. అంతటి రచయితలు పిల్లల కోసం అంత దూరం పోయి, ఆ చలిలో కూర్చుని మాటలు వెతికారంటే నాకు ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

మంచు అంటే అమ్మకు చెప్పడం చాలా కష్టమైంది. ఏప్రిల్ నెల, మా చండూరు ఎండ, రేకుల కింద మగ్గం, ఆ వేడిలో నేను "మోకాళ్ల లోతు మంచు" అని చదువుతున్నా. మంచు అంటే ఆమెకు చలికాలం పొద్దున గడ్డి మీద పడే తడి. మోకాళ్ల లోతు ఎట్లా పడుతుంది? ఐస్‌ఫ్రూట్ పొడి పొడి చేసి ఊరంతా పోసినట్టు అని చెప్పాను. "అమ్మో, మరి మగ్గం గుంటల కాళ్లు ఎట్ల పెడ్తరు" అంది. వాళ్లకు మగ్గాలు ఉంటాయో లేదో నాకు తెలియలేదు.

కోడికాళ్ల మీద నిలబడే గుడిసె కథ ఉంది చూడండి, అడవిలో ముసలిది ఉంటుంది, గుడిసె అటు తిరుగు ఇటు తిరుగు అంటే తిరుగుతుంది. మంచుకు అన్ని ప్రశ్నలు అడిగిన మనిషి దీనికి ఒక్కటీ అడగలేదు. గుడిసెకు కోడికాళ్లు ఉండటం ఆమెకు చాలా సహజంగా అనిపించింది. ఒక్కటే అడిగింది, "గుడ్లు పెడ్తదా?" ఆ కథ ఆసు ముందు ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. పుస్తకం కుట్టు ఊడిపోతే నాయిన మగ్గం దారంతో కుట్టాడు. 1991లో ఆ దేశమే విడిపోయింది, పుస్తకాలు రావడం ఆగిపోయింది. పేపర్లో పెద్ద పెద్ద అక్షరాలతో వార్త వచ్చిన రోజు మామ మా ఇంట్లో అన్నం తినలేదు. నేను మాత్రం ఇంక కొత్త బొమ్మల పుస్తకాలు రావని ఏడ్చాను.

లైబ్రరీ గురించి కొంచెమే చెబుతాను. దగ్గర్లో ఒక చోట ఉండేది, ఒక గది, రెండు బీరువాలు. ఏడో తరగతిలో మెంబర్‌షిప్ కోసం పోతే పూచీకి పెద్దవాళ్ల సంతకం కావాలన్నారు. అమ్మ ఒక పూట ఆసు ఆపి నా వెంట నడిచి వచ్చింది. వేలిముద్ర వేస్తానంది. కుదరదు, సంతకమే కావాలన్నాడు అక్కడున్నాయన. చివరికి మా బడి సారు ఒకరు సంతకం పెట్టారు. తిరిగి వస్తుంటే అమ్మ దారి పొడుగునా బొటనవేలు చూసుకుంటూనే ఉంది, పోగు రాసి రాసి ఆ వేలి మీద గాడి పడి ఉండేది. మా ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీల కోసమే వసూలు చేస్తారని పెద్దయ్యాక చట్టం చదివితే తెలిసింది. అంటే ఆ గదిలో అమ్మ పైసలు కూడా ఉన్నాయి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది.

అయినా ఆ గది నాకు చాలా ఇచ్చింది. అక్కడే ఒక సైన్సు పుస్తకంలో మొదటిసారి మా జిల్లా పేరు చూశాను. నల్లగొండ టెక్నిక్ అని. సంతోషంతో అక్కడే నిలబడి చదివాను. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి అది, పటిక, సున్నం కలిపి తేర్చడం, నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు కనిపెట్టారు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఉంది. మా దిక్కు పిల్లల పండ్ల మీద గోధుమరంగు చారలు, పెద్దవాళ్ల వంగిన కాళ్లు ఎందుకో ఆ పేజీలో ఉంది. సాయంత్రం అమ్మకు చదివి వినిపించాను. మామూలుగా అయితే రెండోసారి మన తెలుగులో చెప్పమనేది. ఆ రోజు అడగలేదు. "మన పేరు బుక్కుల గిందుకెక్కిందా" అని మాత్రం అంది.

ఆ మాట నా లోపల ఉండిపోయింది. ఇంకెందుకూ ఎక్కలేదా అని నల్లగొండలో ఇంటర్ చేరాక వెతకడం మొదలుపెట్టాను. హాస్టల్లో నోరు తెరిచి చదివితే పక్క మంచం వాళ్లు తిట్టేవాళ్లు, అక్కడే మౌనంగా చదవడం నేర్చుకున్నాను, మొదటి కొన్ని నెలలు అన్నం ఒంటరిగా తిన్నట్టు ఉండేది. అట్లా వెతుకుతుంటే వట్టికోట ఆళ్వారుస్వామి దొరికాడు. మా నకిరేకల్ దగ్గర మాధవరంలో 1915లో పుట్టినవాడు. ఇండ్లల్లో వంట చేసి, హోటల్లో పనిచేసి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయన నవలలో వెట్టి, దొర, పటేలు, పట్వారీ, మా తాత చెప్పిన ఊరు ఊరంతా ఉంది. ఆ తర్వాత దాశరథి రంగాచార్య నవలలు. అందులో మనుషులు మాట్లాడే మాట చదువుతుంటే నా ఒళ్లు జలదరించింది. ఇన్నేండ్లు నేను కంటితో ఒకటి చూసి నోటితో ఒకటి అంటూ వచ్చాను కదా, ఇక్కడ కన్నూ నోరూ ఒకటే మాట అన్నాయి. మార్చాల్సిన పని లేదు.

పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి కథ కూడా అప్పుడే తెలిసింది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చూపించాడు. తిట్టుకు తిట్టు కాదు, పుస్తకం. ఆయన చేసిన పనికీ ఆ తల్లి ఏడ రాసిన్రో చూడు అన్న అమ్మ మాటకూ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా సంచిలో ఒక పుస్తకం అమ్మ కోసం. రంగాచార్య నవల చదువుతుంటే అమ్మ "ఇది బుక్కుల ఉన్నట్టే సదువుతున్నవా, మనట్ట చెప్తున్నవా" అని రెండుసార్లు అడిగింది. ఉన్నట్టే అన్నాను. నమ్మలేదు. నాయినను పిలిచి చూడమంది. నాయిన కూడబలుక్కుని నాలుగు లైన్లు చదివి, "అవునే, గట్లనే ఉంది" అన్నాడు.

1999లో ఆలేరు దిక్కు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ బాధ చూడలేక ఆసు యంత్రం చేశాడు, అమ్మ పేరే పెట్టాడు దానికి, లక్ష్మీ ఆసు అని. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. మా వాడకు యంత్రం వచ్చేసరికి మా అమ్మ భుజం అప్పటికే పోయింది. చెయ్యి తలదాకా లేవదు. ఆసూ, ఆ ఫ్లోరైడ్ నీళ్లూ రెండూ కలిసి చేసిన పని అది. నాయిన పోయాక అమ్మ నల్లగొండలో నా దగ్గరే ఉంటోంది. నేను బడిలో తెలుగు చెబుతాను.

ఆ రష్యా పుస్తకాలు కొన్నిటిని మంచిపుస్తకం వాళ్లు మళ్లీ అచ్చువేశారు. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పోయినప్పుడు ఆ స్టాలు ముందు చాలాసేపు నిలబడిపోతాను. పోయిన చలికాలం అక్కడ కాదుగానీ ఒక పాత పుస్తకాల దుకాణంలో ఆ కోడికాళ్ల గుడిసె కథ ఉన్న పుస్తకమే దొరికింది, ఇంట్లో మాది చెదలు తినేసింది. తీసుకొచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాను. అమ్మకు ఇప్పుడు చూపు ఆనదు, చెవి మాత్రం బాగుంది. అడవి, ముసలిది, గుడిసె తిరగడం అన్నీ సరిగ్గా వచ్చాయి. పిల్ల లోపలికి పోతుంది, ముసలిది పొయ్యి మీద క్యాబేజీ చారు కాస్తుంటుంది.

"ఆగు" అంది అమ్మ.

ఆగాను.

"క్యాబేజీ కాదే. పుంటికూర."

పుస్తకం దగ్గరగా పెట్టుకుని చూశాను. క్యాబేజీ అనే ఉంది. మా ఊరికి అప్పట్లో క్యాబేజీ వచ్చేది కాదు, పదేండ్ల పిల్ల ఆ మాటను ఏం చేసి ఉంటుందో అర్థమైంది. చెబుదామనుకున్నాను, అమ్మా, అది నేను మార్చిందే అని. ఆమె కుడిచెయ్యి దుప్పటి మీద నెమ్మదిగా అటూ ఇటూ కదులుతోంది, లేవదు కదా, అంతే కదులుతుంది.

"తప్పు చదివినమ్మా" అన్నాను. "ముసలిది పుంటికూర వండుతున్నది."

అమ్మ తల ఊపింది. నేను తర్వాతి వాక్యంలోకి పోయాను.